పస్కా విందుకు సరుకులు: మొదటి ఫోన్ నుంచి సెడర్ సాయంత్రం దాకా

మా కోడలు యూదుల అమ్మాయి. ఏటా వసంతంలో వచ్చే పస్కా పండుగకు మా వియ్యాలవారి ఇంట్లో అందరం కలుస్తాం. తెలుగు బైబిల్లో పస్కా అన్నదాన్నే అమెరికాలో పాసోవర్ అంటారు. ఆ మొదటి రాత్రి విందు పేరు సెడర్. ఎనిమిదేళ్లుగా ఆ విందుకు సరుకులు తెచ్చే పని నాది.

ఫిబ్రవరి చివరి నుంచి తెలిసినవాళ్ల ఫోన్లు మొదలవుతాయి. "పక్కింటివాళ్లు సెడర్‌కి పిలిచారు, ఏం పట్టుకెళ్లాలి?", "మా అల్లుడి తల్లిదండ్రులు ఈసారి మా ఇంట్లో చేద్దామన్నారు, ఏం కొనాలి?" అని. అందరికీ విడివిడిగా చెప్పే మాటలన్నీ ఇక్కడ వరుసగా రాస్తున్నాను. పన్నెండు మందికి విందు అనుకుని లెక్కలు ఇచ్చాను. మీ ఇంటికి తగ్గట్టు పెంచుకోండి, తగ్గించుకోండి.

## 1. లిస్టు రాయకముందు ఒక ఫోన్ చేయండి

యూదుల ఇళ్లన్నీ ఒకే పద్ధతిలో ఈ పండుగ చేసుకోవు. మన దగ్గర ఒక ఇంట్లో మడి కట్టుకుని వండుతారు, పక్కింట్లో అదే పండుగకి ఉల్లిపాయ కూడా వేస్తారు. ఇదీ అంతే. కాబట్టి మొదటి పని ఇంటి ఇల్లాలిని, లేదా ఆ రోజు వంట ఎవరు చూస్తారో వాళ్లని అడగడం. ఇలా అడిగితే ఎవరూ నొచ్చుకోరు. అడగకుండా తెస్తేనే వాళ్లకి ఇబ్బంది.

అడగాల్సినవి ఇవి:

- ప్యాకెట్ల మీద పస్కా గుర్తు తప్పనిసరా? లేక గోధుమ, బార్లీ లేకపోతే చాలా?
- బియ్యం, పప్పులు తింటారా?
- విందు మాంసాహారమా, పాల వంటకాలా, శాకాహారమా?
- సెడర్ ఒక రాత్రా, రెండు రాత్రులా?
- వైన్ ఎలాంటిది కావాలి? తాగనివాళ్లు ఎందరు?
- గింజల ఎలర్జీ ఎవరికైనా ఉందా? హరోసెత్ అనే ఆపిల్ ముద్దలో వాల్‌నట్ పడుతుంది కాబట్టి ఇది మర్చిపోవద్దు.

నాలుగో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ దానిమీదే లిస్టు రెట్టింపవుతుంది. ఇజ్రాయెల్లో పండుగ ఏడు రోజులు, సెడర్ ఒక్క రాత్రే. బయటి దేశాల్లో చాలామంది ఎనిమిది రోజులు చేస్తారు, మొదటి రెండు రాత్రులూ సెడరే. నిష్ఠగా ఉండే ఇళ్లలో ఆ రెండు రోజులూ కారు తీయరు, డబ్బు ముట్టరు. మధ్యలో కొత్తిమీర కట్ట కావాలన్నా దారి లేదు. రెండు రాత్రులకూ సరిపడా ముందే ఇంట్లో ఉండాలి.

## 2. ఏది పనికిరాదు

గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్. ఈ ఐదు ధాన్యాల పిండికి నీళ్లు తగిలి పద్దెనిమిది నిమిషాలు దాటితే అది పులిసినట్టే లెక్క. దాన్ని హామెట్స్ అంటారు. పండుగ రోజుల్లో దాన్ని తినకూడదు, ఇంట్లో ఉంచుకోకూడదు. బ్రెడ్డు, పాస్తా, బిస్కెట్లు, కేకులు, బీరు, విస్కీ అన్నీ ఇందులోకే వస్తాయి. మన వైపు నుంచి చపాతీ పిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా, హార్లిక్స్ కూడా.

ఆవకాయ జాడీ దగ్గరికి తడి చెయ్యి రానివ్వం కదా, ఎనిమిది రోజులు వంటిల్లు మొత్తాన్ని అలా కాపాడుకుంటారనుకోండి.

రెండో వరుస కిట్నియోత్. బియ్యం, మొక్కజొన్న, కందిపప్పు, మినప్పప్పు, శనగలు, బఠానీలు, సోయా, ఆవాలు, నువ్వులు ఇందులోకి వస్తాయి. ఇవి హామెట్స్ కావు. కానీ తూర్పు యూరప్ నుంచి వచ్చిన అష్కెనాజీ కుటుంబాలు పస్కాలో వీటిని తినకపోవడం ఆనవాయితీ. స్పెయిన్, మధ్యప్రాచ్యం వైపు మూలాలున్న సెఫార్డీ కుటుంబాల్లో చాలామంది తింటారు. యూదుల్లో కన్సర్వేటివ్ అనే శాఖ పండితుల కమిటీ 2015లో అష్కెనాజీలు కూడా తినవచ్చని తీర్మానించింది. అయినా పాత అలవాటు వదలనివాళ్లు చాలామంది. అందుకే అడగమన్నది.

బియ్యం తినే ఇళ్లలోనూ ముందు మూడుసార్లు ఏరతారు, గోధుమ గింజ ఒక్కటి కూడా ఉండకూడదని. మా అమ్మ చాటలో బియ్యం ఏరిన తీరు తెలిసినవాళ్లకి ఇది వివరించక్కర్లేదు.

ఇప్పుడు మన పోపుల పెట్టె తెరవండి. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఇంగువ. బజార్లో దొరికే ఇంగువ పొడిలో చాలావరకు గోధుమ పిండి గానీ మైదా గానీ కలుపుతారు. డబ్బా వెనక చదవండి. అది నేరుగా హామెట్స్. చిటికెడు వేసినా వంటకం మొత్తం పనికిరాదు.

ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు. మూడూ కిట్నియోత్. అంటే అష్కెనాజీ ఇంట్లో మన తాలింపు ఉండదు.

జీలకర్ర, ధనియాలు, మెంతులు, సోంపు. వీటిని కూడా చాలామంది పక్కన పెడతారు. పచ్చి కొత్తిమీరకు ఇబ్బంది లేదు.

నెయ్యి, పెరుగు. ఇవి హామెట్స్ కావు గానీ పాల పదార్థాలు. కోషర్, అంటే యూదుల ఆహార నియమంలో మాంసం ఉన్న విందులో పాలు, నెయ్యి, వెన్న ఏవీ ఉండకూడదు. చాలా సెడర్ విందుల్లో మాంసం ఉంటుంది కాబట్టి నెయ్యి సీసా ఇంట్లోనే వదిలేయండి.

పల్లీలు. ఇంటింటికీ వేరు. అడగకుండా వాడకండి.

మొదటి ఏడాది ఇవేవీ తెలియక పెద్ద గిన్నె నిండా పులిహోర చేసి పట్టుకెళ్లాను. బియ్యం, ఆవాలు, పప్పులు, పల్లీలు, ఇంగువ. ఒక్క గిన్నెలో అన్నీ ఉన్నాయి. మా వియ్యపురాలు నన్ను చిన్నబుచ్చకుండా, గిన్నె తీసుకెళ్లి గ్యారేజీలో విడిగా పెట్టి, తిరిగొచ్చి నా పక్కనే కూర్చున్నారు. ఆ రాత్రే నోట్‌బుక్కు తెచ్చుకుని ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నాను. ఈ మార్గదర్శి ఆ నోట్‌బుక్కులోదే.

## 3. ప్యాకెట్ మీద గుర్తు ఎలా చదవాలి

నిష్ఠగా ఉండే ఇంటికి కొంటుంటే సరుకు పేరు కంటే గుర్తు ముఖ్యం. వృత్తంలో యు అక్షరం ఉంటే ఓయూ అనే సంస్థ ఆ సరుకును కోషర్ అని ధ్రువీకరించిందని అర్థం. పస్కాకి అది ఒక్కటే చాలదు. ఆ గుర్తు పక్కన పి అక్షరం ఉండాలి, లేదా "కోషర్ ఫర్ పాసోవర్" అని రాసి ఉండాలి. స్టార్-కె, ఓకే, కాఫ్-కె సంస్థల గుర్తులకూ ఇదే లెక్క.

రెండు చోట్ల పొరపడతారు.

పి అంటే పారెవ్ అనుకోవడం మొదటిది. పారెవ్ అంటే పాలూ మాంసమూ లేనిది. దాన్ని పూర్తి మాటగా రాస్తారు. గుర్తుకి అంటుకుని ఉండే పి మాత్రం పస్కాకి. డి అని ఉంటే పాల పదార్థం. డి, పి రెండూ ఉంటే పస్కాకి సరే గానీ మాంసం విందులో వడ్డించకూడదు.

"గ్లూటెన్ ఫ్రీ" చూసి కొనేయడం రెండోది. గ్లూటెన్ లేని ఓట్స్ అయినా ఓట్సే కదా, అవి హామెట్స్. గ్లూటెన్ లేని బిస్కెట్లు చాలావరకు బియ్యప్పిండివో మొక్కజొన్నవో అయి ఉంటాయి, అవి కిట్నియోత్.

షాపులో "హ్యాపీ పాసోవర్" అని బోర్డు కట్టిన వరుసను కూడా నమ్ముకోకండి. ఆ వరుసలోనే ఏడాది పొడుగునా అమ్మే మామూలు కోషర్ సరుకులు కలిసిపోయి ఉంటాయి. ప్రతి డబ్బా చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి.

గుర్తు అక్కర్లేని సరుకులు కూడా ఉన్నాయి, ఊపిరి పీల్చుకోండి. తాజా కూరగాయలు, పళ్లు (బీన్స్, బఠానీ, మొక్కజొన్న తప్ప), గుడ్లు. మామూలు తెల్ల చక్కెర. ఏమీ కలపని పచ్చి జీడిపప్పు, బాదం, వాల్‌నట్. గింజల ప్యాకెట్ మీద బీహెచ్‌టీ లాంటి నిల్వ పదార్థం పేరు కనిపిస్తే వదిలేయండి. పొడి చేసిన గింజలకు గుర్తు చూడాలి. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె తీసుకోవచ్చు. సోయా, మొక్కజొన్న, కనోలా నూనెలు అష్కెనాజీ ఇళ్లకు వద్దు.

పైకి అనుమానం రానివి, కానీ గుర్తు లేకుండా కొనకూడనివి:

- వెనిగర్ (ధాన్యంతో చేసినది కావచ్చు)
- వెనిలా ఎసెన్స్
- బేకింగ్ పౌడర్, పొడి చక్కెర (రెండింట్లో మొక్కజొన్న పిండి ఉంటుంది)
- కెచప్, మయోనీస్
- పసుపు, కారం, దాల్చినచెక్క పొడి
- కూల్‌డ్రింకులు

కోకాకోలా సంగతి చెప్పాలి. పస్కా ముందు కొన్ని ఊళ్లలో పసుపు మూత ఉన్న కోకాకోలా సీసాలు వస్తాయి. మామూలుదాంట్లో మొక్కజొన్న సిరప్ ఉంటుంది, ఇందులో చక్కెర వాడతారు. మూత మీద ఓయూ-పి గుర్తు చూసి తీసుకోండి. పిల్లలున్న ఇంటికి నాలుగు సీసాలు పట్టుకెళ్తే సంతోషిస్తారు.

## 4. ఎప్పుడు ఏది కొనాలి

సెడర్ పౌర్ణమి దగ్గర వస్తుంది. 2026లో ఏప్రిల్ 1 సాయంత్రం, 2027లో ఏప్రిల్ 21 సాయంత్రం. రెండూ బుధవారాలే. పండుగ సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి క్యాలెండర్లో ముందు రోజు సాయంత్రాన్ని చూసుకోండి. ఒక రోజు ఆలస్యంగా లెక్కేసుకునేవాళ్లు ఏటా ఉంటారు.

నాలుగు వారాల ముందు: మాట్సా (పులవని పలుచటి రొట్టె), మాట్సా పిండి (ఆ రొట్టెల పొడి), బంగాళాదుంప స్టార్చ్, గ్రేప్ జ్యూస్, మసాలా పొడులు, అల్యూమినియం ట్రేలు. కొన్ని సూపర్ మార్కెట్లు ఇంత మొత్తానికి కొంటే అయిదు పౌండ్ల మాట్సా ఉచితంగా ఇస్తాయి. షాపు కార్డు ఉంటే ఆ ఆఫర్ చూసుకుని వెళ్లండి.

మూడు వారాల ముందు: మాంసానికి ఆర్డర్ ఇవ్వండి. సెడర్ పళ్ళెంలోకి కావాల్సిన ఎముక సంగతి అప్పుడే చెప్పండి.

రెండు వారాల ముందు: వైన్, ఫ్రోజెన్ చేప, స్వీట్లు.

వారం ముందు: హార్స్‌రాడిష్ దుంప, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, క్యారెట్లు, గుడ్లు.

రెండు రోజుల ముందు: లెట్యూస్, పార్స్లీ, మిగతా ఆకుకూరలు, పళ్లు, పూలు.

మేముండేది న్యూజెర్సీలోని ఎడిసన్. దానికి పక్కనే హైలాండ్ పార్క్, ఉత్తరాన టీనెక్, దక్షిణాన లేక్‌వుడ్. ఇవన్నీ యూదుల జనాభా ఎక్కువున్న ఊళ్లు. అక్కడి కోషర్ షాపుల్లో మనకి దొరకనిది ఉండదు, కానీ చివరి వారంలో బండి తోసుకోవడానికి కూడా చోటుండదు. నేను పొద్దున్నే షాపు తెరిచే వేళకి వెళ్తాను. పండుగ ముందు రోజు మధ్యాహ్నం దాటితే చాలా కోషర్ షాపులు మూసేస్తారు. యూదులు తక్కువగా ఉండే ఊరైతే ఆరు వారాల ముందే ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టండి, లేదా దగ్గర్లోని సినగాగ్‌కి (యూదుల ప్రార్థనా మందిరం) ఫోన్ చేసి ఎక్కడ కొంటారో అడగండి. మంచిగా చెప్తారు.

## 5. సెడర్ పళ్ళెం: ఆరు గుంటలు, ఆరు వస్తువులు

సెడర్ బల్ల మీద పండుగ గుర్తులుగా పళ్ళెంలో పెట్టే వస్తువులు ఇవి. కొద్దికొద్దిగానే కావాలి, కానీ ఏ ఒక్కటి తగ్గినా ఆ రాత్రి ఆగిపోతుంది. వీటిని వేరే సంచిలో, వేరే కాగితం మీద రాసి పెట్టుకోండి. పెద్ద లిస్టులో కలిపితే తప్పకుండా ఒకటి తప్పిపోతుంది.

మరోర్, చేదు కూర. హార్స్‌రాడిష్ అనే వేరు. మన ముల్లంగికి దూరపు చుట్టం, ఘాటు మాత్రం మునగ వేరు ఘాటు. జానెడు ముక్క గట్టిగా, ముడతలు లేకుండా ఉన్నది ఎంచుకోండి. మెత్తబడితే ఘాటు పోయినట్టే. సీసాల్లో దొరికే ఎర్రటి హార్స్‌రాడిష్ వెనిగరు, బీట్‌రూట్ కలిపిన పచ్చడి. చేప పక్కన వడ్డించడానికి బాగుంటుంది గానీ మరోర్‌గా పెట్టడానికి పచ్చి దుంపే కావాలి. తురిమేటప్పుడు కిటికీలు తీయండి, మొహం దూరంగా పెట్టండి. ఉల్లిపాయ దీని ముందు దిగదుడుపే.

హజెరెత్, రెండో చేదు కూర. చాలామంది రొమైన్ లెట్యూస్ పెడతారు. మరోర్‌గా తినేదీ ఇదే అయిన ఇళ్లు ఎక్కువ. పన్నెండు మందికి నాలుగు పువ్వులు కొనండి. ఆకులో పురుగు ఉంటే తినరు కాబట్టి ప్రతి ఆకూ వెలుతురుకి ఎత్తి చూసి కడుగుతారు, కొన్ని పారేస్తారు. ఆ పని తప్పాలంటే కడిగి పరీక్షించిన ప్యాకెట్లు కోషర్ గుర్తుతో దొరుకుతాయి, ధర ఎక్కువ.

కర్పాస్. ఉప్పునీళ్లలో ముంచి తినే కూర. పార్స్లీ రెండు కట్టలు. కొన్ని ఇళ్లలో ఉడికించిన బంగాళాదుంప, కొన్నిచోట్ల సెలెరీ.

హరోసెత్. ఆపిల్, వాల్‌నట్, దాల్చినచెక్క, తియ్యటి వైన్ కలిపి దంచిన ముద్ద. ఇది అష్కెనాజీ పద్ధతి. ఆరు ఆపిళ్లకు అరపౌండు వాల్‌నట్ సరిపోతుంది. సెఫార్డీ ఇళ్లలో ఖర్జూరం, అంజీర్ వేస్తారు. ఇది అందరికీ నచ్చే పదార్థం, పిల్లలు గిన్నె నాకేస్తారు. లెక్కకి మించి చేయండి.

జెరోవా, కాల్చిన ఎముక. మేక లేదా గొర్రె కాలి ఎముక. మాంసం కొట్టులో ముందే చెప్తే ఉంచుతారు. దీన్ని తినరు, చూపిస్తారు అంతే. దొరక్కపోతే కోడి మెడ గానీ రెక్క గానీ పెడతారు. శాకాహారులు బీట్‌రూట్ పెట్టుకుంటారు.

బేత్సా, కాల్చిన గుడ్డు. ఉడికించి, పెంకుతోనే ఓవెన్లో కాలుస్తారు. పగిలేదానికి అదనంగా ఒకటి పెట్టుకోండి.

పళ్ళెం పక్కన పెట్టేవి: మూడు మాట్సాలు, వాటిమీద కప్పడానికి గుడ్డ, ఉప్పునీళ్ల గిన్నెలు (పొడుగు బల్ల అయితే రెండు మూడు), కొవ్వొత్తులు, ఏలియా ప్రవక్త కోసం పోసి పెట్టే ఒక ప్రత్యేకమైన గ్లాసు.

## 6. మాట్సా, వైన్

మాట్సా అంటే పిండి, నీళ్లు కలిపి పులవకముందే కాల్చిన పలుచటి రొట్టె. పౌండు పెట్టెలో పదికి పైగానే ఉంటాయి. సెడర్‌లో మనిషికి రెండు లెక్కేసుకుంటే పన్నెండు మందికి మూడు పౌండ్లు. వారమంతా తింటారు కాబట్టి అయిదు పౌండ్ల కట్ట కొనేయండి. మానిషెవిట్జ్, స్ట్రైట్స్, యెహుదా అన్నిచోట్లా దొరుకుతాయి.

పెట్టె ముందు భాగం జాగ్రత్తగా చదవండి. "నాట్ ఫర్ పాసోవర్ యూజ్" అని రాసి ఉన్న మాట్సా కూడా ఉంటుంది. చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, అది మామూలు రోజుల్లో తినేది. గుడ్డు కలిపిన మాట్సా కూడా వద్దు. అష్కెనాజీల్లో అది ముసలివాళ్లకి, ఒంట్లో బాగాలేనివాళ్లకి మాత్రమే.

పళ్ళెం పక్కన పెట్టే ఆ మూడింటికి కొందరు ష్మురా మాట్సా వాడతారు. గోధుమ కోసినప్పటి నుంచీ తడి తగలకుండా కాపాడి, చేత్తో గుండ్రంగా చేసినది. పౌండు ముప్పై డాలర్లు దాటడం మామూలే. ఒక్క పెట్టె చాలు. చేతిలో పట్టుకుని తేవాలి, సంచిలో కింద పెడితే ముక్కలవుతుంది. కనీసం ఆ మూడూ విరగకుండా ఉండాలి.

వైన్ లెక్క ఇలా. పెద్దవాళ్లు ఒక్కొక్కరు నాలుగు కప్పులు తాగాలి. చిన్న కప్పులైతే మనిషికి అర సీసా. తొమ్మిదిమంది పెద్దలకి అయిదు సీసాలు, ఏలియా గ్లాసుకీ హరోసెత్‌కీ కలిపి ఇంకొకటి. మొత్తం ఆరు. పిల్లలకీ, వైన్ తాగనివాళ్లకీ పెద్ద గ్రేప్ జ్యూస్ సీసాలు రెండు. వైన్ బదులు దానితోనూ నాలుగు కప్పులూ తాగవచ్చు. మన పెద్దవాళ్లు సెడర్‌కి వస్తుంటే ఇది వాళ్లకి ముందే చెప్పండి, టెన్షన్ పడకుండా ఉంటారు.

ఇంకొక్క విషయం మనకి ముఖ్యం. నిష్ఠ ఉన్నవాళ్లు, మామూలు కోషర్ వైన్ని యూదులు కానివాళ్లు తెరిచి పోస్తే తాగరు. వేడి చేసి తయారుచేసిన వైన్‌కి ఆ నియమం లేదు. దాన్ని మెవుషల్ అంటారు, లేబుల్ మీద రాసి ఉంటుంది. మీరు తెచ్చి, మీ చేత్తో వడ్డించే వైన్ అయితే మెవుషల్ చూసి కొనండి. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోవాల్సిన అవసరం రాదు.

## 7. విందు సరుకులు, పన్నెండు మందికి

ఇది మామూలు కొనుగోలు లాంటిదే, లిస్టు ఇస్తున్నాను:

- గుడ్లు నాలుగు డజన్లు (ఉప్పునీళ్లతో తినేవి, సూప్‌లో వేసే మాట్సా ఉండలకి, కుగెల్ అనే ఓవెన్ వంటకానికి, కేకుకి)
- సూప్‌కి కోళ్లు రెండు, ఒక్కోటి నాలుగు పౌండ్లు
- బ్రిస్కెట్ లేదా వేరే ప్రధాన మాంసం, పచ్చిది మనిషికి ముప్పావు పౌండు
- ఫ్రోజెన్ గెఫిల్టె చేప (రుబ్బిన చేప ముద్ద), రెండు రోల్స్
- మాట్సా పిండి ఒక పెట్టె, బంగాళాదుంప స్టార్చ్ ఒక పెట్టె
- బంగాళాదుంపలు పది పౌండ్లు
- ఉల్లిపాయలు అయిదు పౌండ్లు, క్యారెట్లు నాలుగు పౌండ్లు
- చిలగడదుంపలు మూడు పౌండ్లు
- సెలెరీ ఒకటి, డిల్ (సోయికూర) రెండు కట్టలు
- కొబ్బరి మాకరూన్ డబ్బాలు రెండు
- పళ్లు, టీ పొడి, పాలు లేని డార్క్ చాక్లెట్

కోషర్ మాంసాన్ని కొట్టులోనే నీళ్లలో నానబెట్టి, గంటసేపు ఉప్పు పట్టించి కడుగుతారు. అందులో ఉప్పు ఉంటుంది. సూప్‌లో మామూలు కొలతలో ఉప్పు వేస్తే చెడుతుంది. రుచి చూశాకే వేయండి.

బ్రిస్కెట్ ఆవు లేదా ఎద్దు మాంసం. మా ఇంట్లో అది ముట్టం. ఆ ఒక్కటి మా వియ్యపురాలు తెస్తారు, ఆమే వండుతారు. మా కోసం విడిగా కోడి చేస్తారు. మీ ఇంట్లో సెడర్ జరుగుతూ ఉంటే ఈ మాట మొదటి ఫోన్‌లోనే చెప్పేయండి. ప్రధాన వంటకంగా కోడి, టర్కీ ఎన్నో ఇళ్లలో చేస్తారు, లోటేమీ ఉండదు. మేక, గొర్రె మాంసం నిప్పు మీద కాల్చినది మాత్రం సెడర్ రాత్రి అష్కెనాజీలు తినరు, అది తేకండి.

## 8. మన చేత్తో ఒక వంటకం

పులిహోర తిరిగొచ్చిన ఏడాది తర్వాత మా వియ్యపురాలే అన్నారు, మీ వంట కూడా బల్ల మీద ఉండాలి అని. ఇద్దరం కూర్చుని ఏది వేయొచ్చో, ఏది కూడదో ఏరుకుంటే ఇది కుదిరింది: కినోవా నిమ్మకాయ పులిహోర.

కినోవా ధాన్యం కాదు, పస్కా గుర్తుతో దొరుకుతుంది. ఒప్పుకోని ఇళ్లూ ఉన్నాయి, అడిగి చేయండి.

కొనాల్సినవి: గుర్తున్న కినోవా మూడు కప్పులు, నిమ్మకాయలు ఆరు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, పచ్చి జీడిపప్పు, గుర్తున్న పసుపు, ఆలివ్ నూనె. తాలింపులో జీడిపప్పు, అల్లం, మిర్చి, కరివేపాకు మాత్రమే. ఆవాలు లేని లోటు అల్లం కాస్త ఎక్కువ వేస్తే తీరుతుంది. నిమ్మరసం తాజాగా పిండండి, సీసా రసం వద్దు.

దీన్ని మా ఇంట్లో వండను. వాళ్ల వంటింట్లో, పస్కాకి తీసిన వాళ్ల గిన్నెల్లో, వాళ్ల గరిటెతో చేస్తాను. ఏడాదంతా గోధుమ పిండి తగిలిన గిన్నెలో ఏం వండినా నిష్ఠ ఉన్న ఇంట్లో తినలేరు. అక్కడికి వెళ్లి వండే వీలు లేకపోతే వంటకం మానేసి, సీలు విప్పని, గుర్తున్న పెట్టెలు, పళ్లు, పూలు తీసుకెళ్లండి.

శాకాహారులు వస్తుంటే గుత్తి వంకాయ లాంటివి వద్దు, అందులో పల్లీలు, నువ్వులు పడతాయి. వంకాయ కాల్చిన పచ్చడి, కాలీఫ్లవర్ వేపుడు, బంగాళాదుంప కుగెల్ హాయిగా సరిపోతాయి. సూప్ వాళ్లకి కూరగాయలతో విడిగా కాచాలి. అలా ఒక గిన్నె ఎక్కువ పడుతుందని వంట చేసేవాళ్లకి ముందే చెప్పండి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దే దారి

గుర్తు లేని సరుకు ఇంటిదాకా వచ్చేసింది. తెరవకండి, కారులోనే ఉంచండి. షాపులో వాపసు ఇచ్చేయండి. దాచిపెట్టి వాడటం మాత్రం ఎప్పుడూ చేయకండి. వాళ్లు మన మాట మీద నమ్మకంతో తింటారు.

హార్స్‌రాడిష్ ఎక్కడా దొరకలేదు. రొమైన్ లెట్యూస్ రెండింటికీ సరిపోతుంది. ఇంకో నాలుగు పువ్వులు కొనండి.

మాట్సా పిండి అయిపోయింది. మామూలు పస్కా మాట్సాని మిక్సీలో పొడి చేయండి. ఆ మిక్సీ కూడా పస్కాకి తీసినదే అయి ఉండాలి.

గుడ్డులో రక్తపు చుక్క వచ్చింది. ఆ గుడ్డు వాడరు. ఒక్కో గుడ్డు విడిగా గ్లాసులో కొట్టి చూసి, తర్వాత గిన్నెలో పోయాలి. నాలుగు డజన్లు చెప్పింది ఇందుకు కూడా.

మాట్సా ఉండలు రాళ్లలా వచ్చాయి. ఇది కొనుగోలు తప్పు కాదు, తొందర తప్పు. కలిపిన పిండిని కనీసం అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, తడి చేత్తో వదులుగా ఉండలు చేసి, మూత తీయకుండా ఉడికించాలి.

డెజర్ట్‌లో వెన్న ఉందని ఆఖరికి తెలిసింది. మాంసం విందు అయితే ఆ డబ్బా లోపల పెట్టేయండి. మర్నాడు పాల భోజనంలో తింటారు. బల్ల మీద పళ్లు పెట్టండి.

## 10. ఆ రోజు పొద్దున

అందరూ రాత్రి విందుకి కొంటారు, ఆ రోజు మధ్యాహ్నం సంగతి మరిచిపోతారు. సెడర్ రోజు ఉదయం ఒక వేళ దాటాక హామెట్స్ తినకూడదు. రాత్రి సెడర్ దాకా మాట్సా కూడా తినరు. అంటే మధ్యాహ్నానికి బ్రెడ్డూ లేదు, మాట్సా లేదు. ఇంటినిండా వంట చేస్తున్నవాళ్లు, ఆకలితో పిల్లలు. ఆ పూటకి ఉడికించిన బంగాళాదుంపలు, గుడ్లు, అరటిపళ్లు, దోసకాయలు విడిగా కొని పెట్టండి. మా వియ్యాలవారి ఇంట్లో ఇది నేను చూసుకునే పూట.

బయల్దేరేముందు సంచులు విప్పి ఒకసారి సరిచూడండి:

- పళ్ళెం సంచి: హార్స్‌రాడిష్ దుంప, లెట్యూస్, పార్స్లీ, ఆపిల్, వాల్‌నట్, ఎముక, గుడ్డు
- విరగని మాట్సాలు మూడు
- వైన్ ఆరు, గ్రేప్ జ్యూస్ రెండు, కార్క్ తీసే పరికరం
- కొవ్వొత్తులు, అగ్గిపెట్టె
- అల్యూమినియం ట్రేలు, రేకు చుట్ట, కొత్త స్పాంజి
- మధ్యాహ్నం తిండి

సెడర్ నాలుగైదు గంటలు సాగుతుంది. అసలు భోజనం చాలా ఆలస్యంగా, తొమ్మిది దాటాకే వస్తుంది. మీతో చిన్నపిల్లలు గానీ, వేళకి మందులు వేసుకునే పెద్దవాళ్లు గానీ వస్తుంటే వాళ్లకి సాయంత్రం అయిదింటికే ఏదైనా పెట్టి బయల్దేరదీయండి. సంచిలో వాళ్ల కోసం రెండు అరటిపళ్లు కూడా పెట్టుకోండి.